గడపమీది గుమ్మడి దీపము

అక్టోబరు నెల 31వ తేదీన ప్రొద్దు గ్రుంకిన తరువాత అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నివాసవీధుల వెంట నడచువారికి ఒక వింత కనబడును. ఒక ఇంటి మెట్లమీద పెద్ద గుమ్మడికాయ యొకటి కన్నులు తెరచి, పళ్ళికిలించి, కడుపులోని దీపముతో ఎఱ్ఱగా వెలుగుచుండును. మరియొక ఇంటి కిటికీలో వీపును విల్లువలె వంచిన నల్లపిల్లి నీడ. ఇంకొక వాకిట చెట్టుకొమ్మకు కాగితపు గబ్బిలములు. ఈ ఇండ్ల నడుమ పిల్లలు గుంపులు గుంపులుగా తిరుగుచుందురు. ఒకడు రాజు, ఒకతె మంత్రగత్తె. తెల్లని దుప్పటికి రెండు కన్నములు చేసి కప్పుకొన్న మూడేండ్ల పసివాడు దయ్యము. వాడు తల్లి చేయి పట్టుకొని మెట్లెక్కి తలుపు తట్టును. తలుపు తెరచిన ఇల్లాలు వాని సంచిలో మిఠాయి వేయును. ఈ రాత్రికి హాలోవీన్ అని పేరు.

తక్కిన పండుగలలో ఇంటిని అలంకరించుటకు సులభమైన సూత్రమొకటి కలదు. మంగళకరమైనది లోనికి తేవలెను. అమంగళమైనది బయటికి ఊడ్చివేయవలెను. హాలోవీన్ నాడు ఈ సూత్రము తలక్రిందులగును. పుఱ్ఱె, ఎముకలగూడు, గుడ్లగూబ, సాలెగూడు, సమాధిరాయి, ఇట్లు మామూలు దినములలో ఇంటి ఛాయలకు రానీయని వస్తువులన్నియు ఆనాడు వాకిట కొలువుదీరును. ఇట్టి వస్తువులతో ఇంటికి అందము తెచ్చుట ఎట్లు? ఎంతవరకు భయపెట్టవచ్చును? ఎక్కడ ఆగవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము అంగడిలో దొరకదు. ఆ మెట్లెక్కి వచ్చు మూడేండ్ల పసివాని ముఖమున దొరకును. వానిని ఒక్క క్షణము నిలిపి, తరువాత నవ్వించి, ముందుకు రప్పించునది అలంకారము. వానిని ఏడిపించి వెనుకకు మరల్చునది ఎంత ఖరీదైనదైనను అలంకారము కాదు.

ఈ మాటకు ఆధారము పండుగ పుట్టుకలోనే కలదు. క్రైస్తవ పంచాంగమున నవంబరు 1వ తేది సకల పునీతుల దినము. 2వ తేది మృతులైన విశ్వాసుల ఆత్మల కొఱకు ప్రార్థించు దినము. పాత ఇంగ్లీషులో పునీతునకు ‘హాలో’ అని పేరుండెను. పునీతుల దినమునకు ముందటి సాయంకాలము కనుక ఇది ‘హాలోవీన్’ అయినది. ఇదే కాలమున ఐర్లండు, స్కాట్లండు దేశములలో గేలిక్ భాష మాటలాడు రైతులకు ‘సావిన్’ అను పండుగ కలదు. వేసవి ముగిసి చలికాలము ప్రవేశించు సంధి అది. పచ్చికబయళ్ళనుండి పశువులను ఇండ్లకు తోలుకొనివచ్చి, గుట్టలమీద మంటలు వేసెడివారు. సంవత్సరములోని రెండు భాగములు కలియు ఆ రాత్రి ఈ లోకమునకును పరలోకమునకును నడుమనున్న తలుపు తెరచియుండునని వారు నమ్మిరి. తలుపు తెరచియున్నప్పుడు ఎవరు లోనికి వత్తురో తెలియదు. కనుక వాకిట వెలుగుండవలెను.

ఆ వెలుగునకు వారు వాడినది గుమ్మడికాయ కాదు, టర్నిప్ అను దుంప. దానిని తొలిచి, ముఖము చెక్కి, లోపల కొవ్వొత్తియో నిప్పుకణికయో ఉంచెడివారు. దీనిని గూర్చి ఐర్లండులో ఒక కథ కలదు. జాక్ అను జిత్తులమారి సైతానునే మోసగించి, తన ఆత్మను ఎన్నడును నరకమునకు కొనిపోనని వానిచేత మాట పుచ్చుకొనెనట. జాక్ చనిపోయిన తరువాత స్వర్గద్వారమున వానికి చోటు దొరకలేదు. నరకద్వారమునకు పోగా సైతాను తన మాట తాను తప్పనని చెప్పి, ఒక నిప్పుకణికను మాత్రము వానివైపు విసరెను. జాక్ దానిని తాను తినుచున్న టర్నిప్‌లో పెట్టుకొని నేటికిని చీకటిలో తిరుగుచున్నాడట. అందుచేతనే ముఖము చెక్కిన దీపమునకు ‘జాక్ ఓ లాంటర్న్’ అని పేరు వచ్చినదని చెప్పుకొందురు. ఐర్లండులోని మేయో మండలమున టర్లో పార్కులో గ్రామజీవనమునకు సంబంధించిన జాతీయ ప్రదర్శనశాల యొకటి కలదు. డొనెగాల్ మండలపు పాత టర్నిప్ దీపమును పోలిన అచ్చును అచ్చట చూడవచ్చును. ముడుతలు పడిన నుదురు, గుంటలు పడిన కన్నులు, నోటిలో అక్కడక్కడ పళ్ళు. అది పిడికిలికంటె కొంచెము పెద్దదిగా నుండును కాని, చూచినవారు దానిని మఱచిపోవుట కష్టము.

1845 నుండి 1852 వరకు ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కఱవు వచ్చెను. సుమారు పది లక్షల మంది మరణించిరి. అంతకు మించినవారు దేశము విడిచి ఓడలెక్కిరి. వారిలో అమెరికా చేరినవారు ఎక్కువ. వారును, వారికి ముందు వచ్చిన స్కాట్లండువారును ఈ పండుగను తమ వెంట తెచ్చుకొనిరి. అమెరికాలో గుమ్మడి స్వదేశీయమైన పంట. అది టర్నిప్ కంటె ఎన్నో రెట్లు పెద్దది. లోపల బోలుగా నుండును. కత్తికి సులభముగా లొంగును. పైగా అక్టోబరు నాటికి పొలములో పండి సిద్ధముగా నుండును. గట్టి దుంపను గంటలకొలది తొలచవలసిన పని తప్పినది. దీపము చేతిలోనుండి మెట్లమీదికి వచ్చినది. హాలోవీన్ గృహాలంకరణము ఇట్లు ఆరంభమైనదని చెప్పవచ్చును.

ఇరువదవ శతాబ్దము మొదట ఈ అలంకరణము ఇంటింటి కళగా మారెను. మసాచుసెట్స్ రాష్ట్రమున ఫ్రామింగ్‌హామ్ పట్టణములో నుండిన డెన్నిసన్ అను కాగితపు వస్తువుల సంస్థ 1909లో ‘బోగీ బుక్’ అను చిన్న పుస్తకమును వెలువరించెను. ఇంగ్లీషులో ‘బోగీ’ యనగా మన బూచి. ముడతల కాగితముతో నారింజ, నలుపు రంగుల తోరణములు కట్టుట, బల్లలు అలంకరించుట, వేషములు కుట్టుట అందులో బొమ్మలతో చూపియుండిరి. పెన్సిల్వేనియాలోని బైస్టిల్ అను సంస్థ అట్టతో పిల్లులను, గుడ్లగూబలను, నవ్వు చందమామలను తయారుచేసెను. ఒక్క రాత్రి వాడి పారవేయుటకు చేసిన ఆ వస్తువులను నేడు కొందరు వెలపెట్టి కొని దాచుకొనుచున్నారు. ఆ బొమ్మలలో భయము కంటె కొంటెతనము ఎక్కువ. పిల్లి గుడ్లురుమును, కాని కరవదు.

అలంకరణముతోపాటు మరియొక చిక్కును ఆ కాలముననే పుట్టెను. హాలోవీన్ రాత్రి కుఱ్ఱవాండ్రు కిటికీలకు సబ్బు పూసెడివారు. ద్వారపు తలుపులు ఊడదీసి దాచెడివారు. పశువులను వీధిలోనికి విడిచెడివారు. అల్లరి ముదిరి ఆస్తినష్టము కలుగుటతో ఊరిపెద్దలు వారికి వేరు వినోదము కల్పింపనారంభించిరి. మిన్నెసోటా రాష్ట్రములోని అనోకా పట్టణము 1920లో ఇందుకొఱకే పెద్ద ఊరేగింపు జరిపెను. 1930ల నుండి ఇంటింటికి పోయి మిఠాయి అడుగు ఆచారము దేశమంతట వ్యాపించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున చక్కెరకు రేషను పెట్టగా కొంతకాలము వెనుకబడి, 1947లో ఆ రేషను తొలగిన తరువాత మరల విజృంభించెను. అడుగువారు పలుకు మాటకు అర్థము ‘మిఠాయి పెట్టెదరా, అల్లరి చేయమందురా’ అని. అందుచేత వాకిట వెలుగు దీపము ఒక విధముగా సంధిపత్రము. ‘ఈ ఇంటివారు మిమ్ము శత్రువులుగా చూడరు, రండి’ అని అది చెప్పును. నేటికిని అచ్చట అలిఖితమైన నియమమొకటి కలదు. వాకిటి దీపము వెలుగుచున్న ఇంటికి పిల్లలు వత్తురు. ఆరియున్న ఇంటి తలుపు తట్టరు.

అలంకరణమున మొదటి సూత్రము దీనినుండియే వచ్చును. ఇల్లంతయు అలంకరింపనక్కరలేదు, దారిని అలంకరింపవలెను. వీధినుండి గడపవరకు పిల్లవాడు నడచు దారి ఒక చిన్న కథవంటిది. దానికి ఆరంభమును, నడుమను, ముగింపును ఉండవలెను. ఇంటిముందటి పచ్చికమీద పది రకముల బొమ్మలు క్రిక్కిరిసినచో కంటికి నిలుకడ యుండదు. గాలి నింపిన రాక్షసులు రాత్రి ఎంత ఎత్తుగా నిలిచినను, పగలు గాలి తీయగానే కూలిన గుడారములవలె పచ్చికమీద పడియుండును. 2020లో పన్నెండడుగుల ఎముకలగూడు అంగళ్ళలోనికి వచ్చి మిక్కిలి ప్రసిద్ధి పొందెను. విశాలమైన ఆవరణలో అదొక్కటే నిలిచినచో వినోదముగానే యుండును. చిన్న యింటి ముందు మాత్రము అది ఇంటికి ఆభరణము కాదు. ఇల్లే దానికి పీటయగును.

కాబట్టి ఒక తలపును మాత్రము ఎన్నుకొనవలెను. పంట కోతల ముగింపు ఒక తలపు. దానికి ఎండిన మొక్కజొన్న దంట్లను కట్టలుగా కట్టి వాకిటి స్తంభములకు చుట్టవచ్చును. వాని మొదట గడ్డికట్టను, దానిపై నాలుగైదు గుమ్మడికాయలను, ప్రక్కన చేమంతి కుండీలను ఉంచవచ్చును. ఆ దేశమున చేమంతి ఈ ఋతువు పువ్వే. గుమ్మడికాయలన్నియు నారింజరంగువే కానక్కరలేదు. తెల్లనివి, బూడిదనీలము రంగువి కూడ సంతలో దొరకును. పెద్దదానిని వెనుక, చిన్నవానిని ముందు, ఎత్తుపల్లములు తెలియునట్లు అమర్చినచో ఒక కుటుంబము ఫోటోకు నిలిచినట్లుండును. రాత్రిపక్షుల తలపు మరియొకటి. దానికి నల్లకాగితపు కాకులు, గుడ్లగూబలు, ఆకులు రాలిన కొమ్మలు చాలును. పాడుపడిన భవనపు తలపు ఇంకొకటి. దానికి పాత లాంతరు, మసిపట్టిన అద్దము, చినిగిన లేసు తెర చాలును. ఈ మూడింటిని ఒకే వాకిట కలిపినచో మూడును చెడును.

రంగుల విషయమున నారింజ, నలుపు జంటనే ఆధారముగా ఉంచుకొనుట మేలు. నారింజ పండిన పంటది. నలుపు దిగివచ్చు చీకటిది. ఋతువు మారుచున్నదను మాటను ఆ రెండు రంగులే చెప్పును. ఊదా, ఆకుపచ్చ రంగులు తరువాత వచ్చి చేరినవి; వానిని వాడినచో కొలదిగా వాడవలెను.

ఇక గుమ్మడికాయను చెక్కుట. తొడిమ గట్టిగా నుండి, అడుగు సమముగా నుండి, ఎక్కడను మెత్తబడని కాయను ఎన్నుకొనవలెను. తొడిమ పట్టుకొని ఎత్తరాదు, అది విరుగును. చాలమంది తొడిమ చుట్టును కోసి మూతవలె తీయుదురు. దానికంటె అడుగునగాని వెనుకప్రక్కగాని కోయుట మంచిది. మూత వాడి లోనికి జారదు. కాయ రూపము చెడదు. గింజలను, పీచును పూర్తిగా గీకివేసి, ముఖము చెక్కు భాగమున గోడను ఒక అంగుళము మందము వరకు పలుచబరచవలెను. ముఖరేఖలను పిల్లలు గీయవచ్చును. కత్తి పెద్దల చేతిలోనే యుండవలెను. రేఖలు ఎంత సూక్ష్మముగా నున్న అంత గొప్ప అనుకొనరాదు. చూచువాడు వీధిలో నున్నాడు, అదియును చీకటిలో. రెండు త్రికోణముల కన్నులు, వంకర నోరు, అందులో రెండు మూడు పళ్ళు. ముప్పది అడుగుల దూరమునుండి కనబడునది ఇంతే. ఏ కన్ను కొంచెము చిన్నదైనను, ఏ పన్ను వంకరబోయినను చింతలేదు. ఆ వంకరలోనుండియే నవ్వు పుట్టును.

కోసిన కాయ ఎక్కువకాలము నిలువదు. చల్లని రాష్ట్రములలో వారము వఱకు రావచ్చును. టెక్సస్, జార్జియా వంటి వెచ్చని రాష్ట్రములలో రెండు మూడు దినములకే బూజు పట్టి ముఖము లోనికి క్రుంగును. కనుక అచ్చటివారు పండుగకు ముందటి దినముననే చెక్కవలెను. కోయని కాయయైనచో నీడపట్టున వారములకొలది నిలుచును. నెల మొదటినుండి కోయని కాయలను అమర్చి, చివరి దినములలో ఒకదానికి మాత్రము ముఖము చెక్కుట తెలివైన పద్ధతి. పిల్లలు ఆ ముఖము కొఱకు నెలంతయు ఎదురుచూతురు.

ఈ రాత్రి అలంకరణమున అన్నింటికంటె ముఖ్యమైనది వెలుగు. మన కంటికి అలవాటైనది పైనుండి వెలుగు పడిన ముఖము. సూర్యుడు పైననుండును, ఇంటి దీపమును పైననే యుండును. అదే వెలుగు క్రిందినుండి వచ్చినచో గడ్డము, ముక్కుపుటములు మెఱసి, నీడలు పైకి ప్రాకును; ఎఱిగిన ముఖమే ఎఱుగని ముఖమగును. హాలోవీన్ భయమున సగము రహస్యము ఇదియే. నేలమీద నుంచిన ఒక చిన్న దీపము చెట్టుకాండము మీదికి వెలుగు ప్రసరించునట్లు చేసినచో, ప్లాస్టికు పుఱ్ఱెలు ఇరువది చేయలేని పనిని ఆ నీడ యొక్కటి చేయును. కిటికీలో నల్లకాగితముతో కత్తిరించిన పిల్లిని అంటించి, వెనుక గదిలో పసుపుపచ్చని దీపము వెలిగించినను అట్లే. పూర్తిగా కనబడినదానికంటె సగము కనబడినదే మనస్సును పట్టుకొనును. ఆకాశములోని చీకటి మనకు ఉచితముగా దొరకు వస్తువు. దానిని విద్యుద్దీపముల మాలలతో తఱిమివేయుట తెలివి కాదు. అయితే మెట్లమీద మాత్రము వెలుగు తగ్గరాదు. ముసుగు ధరించిన పిల్లలకు కాలి క్రింది మెట్టు సరిగా కనబడదు. దారిలో తీగలు, బొమ్మలు, కాయలు అడ్డముండరాదు.

గుమ్మడిలోని దీపమునకు బ్యాటరీతో వెలుగు చిన్న విద్యుద్దీపమే క్షేమము. కొవ్వొత్తియే కావలెనన్నచో, ఎండుటాకులకు, గడ్డికి, మొక్కజొన్న దంట్లకు, కాగితపు తోరణములకు దూరముగా, పిల్లల దుస్తుల అంచులు తగులని చోట ఉంచవలెను. నేల జీరాడు వేషము నిప్పంటుకొనుటకు ఒక్క క్షణము చాలును. అంగడిలో అమ్ము దూదివంటి సాలెగూటిని పొదలమీద పఱచుటయు మంచిది కాదు. చిన్న పక్షులు అందులో చిక్కుకొని కాళ్ళు విడిపించుకొనలేవు. అది కావలెనన్నచో ఇంటిలోపలనే కట్టవలెను.

ఇప్పుడు ఎక్కడ ఆగవలెనను ప్రశ్నకు వత్తము. హాలోవీన్ నాటి దయ్యము కల్పితమైనది. దానిని చూచి భయపడుట ఒక ఆట. ఆటకు నియమము ఒక్కటే: ఆడువారందరికిని అది ఆటయని తెలియవలెను. నిజమైన మనుష్యుని నిజమైన దుఃఖమును ఆటవస్తువు చేసినచో నియమము తప్పినట్లే. కొందరు చెట్టుకొమ్మకు ఉరివేసినట్లు మనుష్యాకారములను వ్రేలాడదీయుదురు. ఆ దేశమున 1877 నుండి 1950 వరకు నల్లజాతివారిని గుంపులు పట్టి చంపిన ఘటనలు 4,400కు పైగా నమోదైనవి. వారిలో అనేకులను చెట్లకే ఉరివేసిరి. తన తాతల ఊరిలో అట్టిది జరిగిన మనుష్యుడు తన బిడ్డను వెంటబెట్టుకొని ఆ వీధిన వచ్చినప్పుడు, ఆ చెట్టు వానికి ఏమి చెప్పును? అలంకరించినవాడు తనకా ఉద్దేశము లేదనవచ్చును. కాని వాకిటి అలంకారము మాటలాడదు. చూచువాని జ్ఞాపకమే మాటలాడును. అట్లే మతి చెడినవారిని భూతములుగా చూపు బొమ్మలు, నెత్తురోడు శవముల బొమ్మలు. వీనివలన పుట్టునది జుగుప్స. అది నవ్వుగా మారదు.

ఇరుగుపొరుగును గూర్చియు ఆలోచింపవలెను. మనవారిలో మరణము సంభవించిన ఇంట సంవత్సరముపాటు పండుగ చేసికొనకుండుట వాడుక. అమెరికాలో అట్టి కట్టుబాటు లేదు. వీధియంతయు ఒకేసారి అలంకరించుకొనును. ప్రక్కయింటి ముసలాయన భార్యను వేసవిలో పోగొట్టుకొనినాడనుకొందము. ఆయన ఉదయము తలుపు తీయగానే ఎదుట అట్టతో చేసిన సమాధిరాళ్ళు వరుసగా నిలిచియుండినచో ఆ నెలంతయు ఆయనకు ఎట్లుండును? ఆ సంవత్సరమునకు సమాధులు మాని గుమ్మడికాయలతో సరిపెట్టినచో పిల్లల వినోదమునకు కొఱతయేమియు రాదు. ఆయన వాకిట ఒక కుండీలో చేమంతులనుంచి పలుకరించి వచ్చినచో అది ఆ వీధిలోని అలంకారములన్నింటికంటె మేలైనది. రుచి అనునది కంటికి మాత్రమే సంబంధించినది కాదు.

ఇదే కాలమున మెక్సికో దేశీయులు జరుపుకొను మృతుల పండుగను హాలోవీన్‌తో కలిపివేయరాదు. నవంబరు 1, 2 తేదీలలో వారు చనిపోయిన బంధువుల చిత్రపటములుంచి, వారికిష్టమైన భోజనపదార్థములు పెట్టి, బంతిపువ్వులతో అర్చాపీఠము తీర్చుదురు. బంతి మొక్క పుట్టినిల్లు ఆ దేశమే. అక్కడినుండియే అది లోకమంతట వ్యాపించి మన గుమ్మములకును తోరణమైనది. వారి పుఱ్ఱె బొమ్మ నవ్వుచుండును, కాని అది బూచి కాదు; తిరిగివచ్చిన ఆత్మీయుడు. దానిని భయపెట్టు వస్తువుగా వాడుట తెలియకచేయు అపచారము.

నేడు అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లకును ఈ రాత్రి పిల్లలు వత్తురు. వారి పిల్లలును వేషములు ధరించి బయలుదేరుదురు. చాలమంది తల్లులకు ఇందులో సంకోచము కలుగును. దసరాకు బొమ్మల కొలువు తీర్చి, దీపావళికి ప్రమిదలు సిద్ధముచేసికొను ఇంటి వాకిట పుఱ్ఱెలను నిలుపుటయా అని. 2024లో దీపావళియు హాలోవీన్‌ను ఒకే దినమున, అక్టోబరు 31ననే వచ్చినవి. ఒకే మెట్ల వరుసను రెండు పండుగలు పంచుకొనవలసి వచ్చినది. తక్కిన సంవత్సరములలోను ఆ రెండింటికి ఎడము ఎక్కువ యుండదు.

ఈ సంకోచమునకు పరిహారము కష్టము కాదు. గడప దీపావళిది, మెట్లు హాలోవీన్‌వి అని పంచివేయవచ్చును. గుమ్మమునకు తోరణము, గడపముందు ముగ్గు, ముగ్గునకు ఇరువైపుల ప్రమిదలు. క్రిందిమెట్ల ప్రక్కన మొక్కజొన్న దంట్లు, కోయని గుమ్మడికాయలు, వానిలో ఒకదానికి నవ్వుముఖము. పుఱ్ఱెలు, ఎముకలు ఆ యింటికి అక్కరలేదు. అవి లేకున్నను పండుగకు లోపము లేదు. కోయని గుమ్మడికాయ రెండు పండుగలకును చుట్టమే. ప్రమిదలలోని మంట నిజమైనది కనుక వానిని పిల్లలు నడచు దారికి ఎడముగా, ఎత్తుగా నుంచవలెను.

నిజమునకు మనకు ఈ పండుగలో పూర్తిగా క్రొత్తదేమియు లేదు. మన ఇండ్లముందు బూడిదగుమ్మడిని వ్రేలాడగట్టుదుము. క్రొత్తగా కట్టు ఇంటికి కోరలు, మీసములు దిద్దిన దిష్టిబొమ్మను తగిలింతుము. ఆసియాకు చెందిన మన బూడిదగుమ్మడి వేరు, అమెరికాకు చెందిన ఆ నారింజరంగు గుమ్మడి వేరు. కాని గడపవద్ద భయంకరమైన ముఖము నిలిపి ఇంటిని కాపాడుకొనవలెనను ఆలోచన ఒక్కటే. దీపావళి సాయంకాలమున కొన్ని ప్రాంతములలో పిల్లలు గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి దివ్వెలు తిప్పుదురు. అది పితృదేవతలకు దారి చూపుట అని పెద్దలు చెప్పుదురు. ఐర్లండు రైతు టర్నిప్‌లో దీపము పెట్టినది కూడ చలికాలపు తొలి చీకటిలో, పోయినవారిని తలచుకొను రాత్రియందే. ఆ సంగతి చెప్పినచో అక్కడ పెరుగు మన పిల్లలకు రెండు దీపములును అర్థమగును.

మిఠాయి విషయమున ఒక మంచి ఆచారము ఇటీవల వచ్చినది. వేరుసెనగ, పాలు, గ్రుడ్లు మొదలగునవి పడని పిల్లలు అనేకులు. వారికి హాలోవీన్ రాత్రి నిజముగానే ప్రమాదకరము. చేతిలో పడిన మిఠాయిలో ఏమున్నదో చీకటిలో తెలియదు. 2014 నుండి అమెరికా అంతట కొన్ని ఇండ్లవారు ఒక గుమ్మడికాయకు నీలిపచ్చ రంగు వేసి వాకిట నుంచుచున్నారు. ఆ యింట తినుబండారములు కాక పెన్సిళ్ళు, చిన్న ఆటవస్తువులు కూడ ఇత్తురని దాని గుర్తు. ఆ రంగు తక్కిన అలంకరణముతో కలిసినను కలియకున్నను దానికి చోటీయవలెను. ఒక పిల్లవానికి అది ఆ వీధిలో మొదటి తెరచిన తలుపు.

పండుగ మరునాడు అలంకరణమును వెంటనే తీసివేయుటయు రుచిలో భాగమే. నవంబరు రెండవ వారమున క్రుళ్ళి క్రుంగిన గుమ్మడి ముఖము ఎవరికిని శోభ కాదు. చెక్కిన కాయను చెత్తబుట్టలో వేయక, ముక్కలు చేసి తోటలో ఎరువుగుంటకు వేయవలెను. కోయక నిలిపిన చిన్న తీపిగుమ్మడులు వంటకు పనికివచ్చును; దప్పళమునకు అవి చక్కగా నుండును. చెక్కుటకు అమ్ము పెద్దకాయలో నీరు ఎక్కువ, రుచి తక్కువ. దీపము పెట్టి బయట నిలిపినదానిని తినరాదు. మొదటి దినమున తీసిన గింజలను మాత్రము కడిగి, ఆరబెట్టి, ఉప్పు చల్లి వేయించుకొన్నచో ఇంటివారందరికిని కాలక్షేపమగును.

రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు పిల్లల రాక తగ్గును. గిన్నెలోని మిఠాయి అయిపోవును. ఇంటివారు వాకిటి దీపము ఆర్పి తలుపు వేసికొందురు. గుమ్మడిముఖము మాత్రము మఱికొంతసేపు మెట్లమీద వెలుగుచుండును. అప్పుడు ఇంటివారు వేసికొనవలసిన లెక్క ఒక్కటే. ఆ తెల్లదుప్పటి దయ్యము మెట్లెక్కునప్పుడు గుమ్మడిని చూచి ఆగెనా? ఆగి, తల్లి కొంగు పట్టుకొని, మరల చూచి నవ్వెనా? దిగిపోవునప్పుడు ఒకమారు వెనుకకు తిరిగి దానికి చేయి ఊపెనా? ఊపియుండినచో ఆ యింటి అలంకరణము సఫలమైనట్లే. మరుసటి సంవత్సరము వాడు తల్లి చేయి విడిచి, ముందుగా పరుగెత్తి ఆ మెట్లనే ఎక్కును.